కొవ్వొత్తి లేని మనిషి

వయొలిన్ మాయమైంది.

కచేరీ మొదలైనప్పుడు హాలు బయటి గాజు బీరువాలోనే ఉంది, ముగిసేసరికి లేదు. బీరువా పగలలేదు. తాళం చెవితో తీసినట్టే ఉంది. ఊరంతా ప్రాణంగా చూసుకునే పాత వయొలిన్ ఉండాల్సిన చోట ఉత్త మఖమల్ గుడ్డ మిగిలింది.

తాళం చెవులు రెండే. ఒకటి కర్ర ఊపి వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ కీనాస్ట్ దగ్గర. రెండోది బీరువా బాగోగులు చూసే, రెండో హార్న్ బూర ఊదే ముసలి అలోయిస్ దగ్గర.

ఇన్‌స్పెక్టర్ వెరోనికా అక్కడికక్కడే లెక్క తేల్చేసింది. ఆ సాయంత్రం వాయించింది హైడన్ వీడ్కోలు సింఫనీ. హైడన్ కొలువు చేసిన ఐజెన్‌స్టాట్ ఊరి పిల్లే ఆమె, ఆ సింఫనీ కథ ఉగ్గుపాలతో తాగింది. వేసవి దాటినా వాద్యకారులను ఇళ్లకు పంపని ప్రభువుకు హైడన్ సంగీతంతోనే మొర పెట్టుకున్నాడు. ఆఖరి భాగంలో ఒక్కొక్కరూ తన వంతు ముగించి, కొవ్వొత్తి ఆర్పి వెళ్లిపోతారు. మొదట సన్నాయి లాంటి ఓబో, దాంతోపాటే రెండో హార్న్. చివరికి రెండు వయొలిన్లే మిగులుతాయి.

ఓబో అమ్మాయి కాఫీ దగ్గర నలుగురి కంటా పడింది. మరి అలోయిస్?

"ఊదగా ఊదగా హార్న్‌లో చేరిన నీళ్లు వంపుకోడానికి పెరట్లోకెళ్లానమ్మా."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"పెట్టె తెరవండి."

అందరి ముందూ తెరిపించింది. హార్న్, తుడుచుకునే గుడ్డ, సగం తిన్న రొట్టె. అలోయిస్ రొట్టెను మళ్లీ లోపల సర్దాడు. "ముప్పయ్యేళ్లుగా వాయిస్తున్నా తల్లీ. ఇంకా ఏం విప్పమంటావు?"

ఆయన తరఫున ఒక్కరూ నోరు మెదపలేదు.

మర్నాడు పొద్దున్నే వెరోనికా అందరినీ మళ్లీ వేదిక మీదికి పిలిపించింది. ఆమె చేతిలో కచేరీ ఆఖరి క్షణపు ఫోటో ఉంది. మొదటి వయొలిన్ వాయించే ట్రౌడె వైపు తిరిగింది.

"ఆఖర్న మీరిద్దరే మిగిలారు. మీకు కర్ర ఊపిందెవరు?"

"ఎవరూ లేరు. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ వాయిస్తాం."

"కండక్టర్ గారో?"

ట్రౌడె తల వంచుకుంది. "డబుల్ బేస్ వాయించేవాడు లేవగానే ఆయనా దిగిపోతారు. ఎప్పుడూ అంతే."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

వెనక నుంచి ఎవరో గొణిగారు. "కాంట్రాక్టుల మీద సంతకం పెట్టేది ఆయనే కదమ్మా."

ఛీ, అనుకుంది వెరోనికా. ఆ ఛీ వాళ్లకెంతో తనకూ అంతే.

"నన్ను చూసి తల దించుకోకండి. ఈ ఫోటో నిన్నే నా చేతికొచ్చింది. ఎవరి కొవ్వొత్తి ఆరింది, ఎవరిది వెలుగుతోంది, అదే చూశాను. కండక్టర్‌కి కొవ్వొత్తి ఉండదు. అందుకే ఆయన లేడన్న సంగతి నా కళ్లకి ఆనలేదు. ఎక్కడ దాచారు సార్?"

కీనాస్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "తెర వెనక గదిలో, డ్రమ్ముల వెనక."

ఈ సింఫనీలో డ్రమ్ములకు పనే లేదు. అటు ఎవరూ తొంగి చూడలేదు. వాటి మీది ముసుగు తీస్తే వయొలిన్ అక్కడే ఉంది, మెడ విరిగి.

"ఒక్కసారి గడ్డం కింద పెట్టుకుందామనుకున్నా. చెయ్యి జారింది. చెప్పడానికి సిగ్గేసింది."

"ఆ సిగ్గు తెచ్చి ఈ పెద్దాయన నెత్తిన పెట్టారా?"

వెరోనికా అలోయిస్ ముందుకెళ్లి నిలబడింది.

"తప్పు నాదండీ. క్షమించండి."

అలోయిస్ తన పెట్టె తనే తెరిచి ఆమెకు చూపించాడు. మూసి చంకన పెట్టుకున్నాడు.

"మొదట లేచేది ఎప్పుడూ నేనే కదమ్మా," అన్నాడు.

ఆయన మెల్లగా వేదిక దిగి వెళ్లిపోయాడు. ఈసారి వెనకాలే లేవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.