పదకొండో షీటు

“ఇది తులసి కుటుంబం గాదు. తీసి పారెయ్యి.”

కళావతి బాలకిషన్‌తో అన్న మొట్టమొదటి మాట ఇదే. ప్రేమకథ ఇలాగా మొదలయ్యేది అని మీరడిగితే నేనేం చెయ్యను? జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

జగిత్యాల డిగ్రీ కాలేజీ, బాటనీ ల్యాబు. బయట నాలుగు రోజులుగా వదలని ముసురు. బాలకిషన్ కోరుట్ల నుంచి బస్సులో తడుస్తూ మోసుకొచ్చిన కొమ్మని బల్ల మీద పెట్టీ పెట్టకముందే పక్క బెంచీ అమ్మాయి తీర్పు చెప్పేసింది.

“ఎందుకు గాదు?” అన్నాడు బాలకిషన్. “కాండం నాలుగు పలకలుంది. ఆకులు ఎదురెదురుగున్నయ్. నలిపితె వాసనస్తుంది. నువ్వు నిన్న సార్‌కు అప్పజెప్పిన లక్షణాలు గివే గద?”

“పండు సూశినవా? తులసైనా, పుదీనా అయినా, తుమ్మి అయినా పువ్వు రాలినంక అడుగున నాలుగు సన్న గింజలుంటయ్. దీనికి నల్లగ గుండ్రటి పండు. ఇది లాంటానా. వేరే కుటుంబం.”

“ఒక్క పండు కోసం పాపం దాన్ని ఎల్లగొడ్తవా?”

“ఎల్లగొడ్త.”

క్లాసంతా నవ్వింది. లెక్చరర్ కూడా నవ్వి, “మీ ఇద్దరూ కలిసి ప్రాజెక్టు చెయ్యండి, తులసి కుటుంబపు మొక్కలు, వాటి తైలాలు” అని రాసుకున్నాడు. కళావతికి ఒళ్లు మండింది. బాలకిషన్‌కి మాత్రం ఆ పూట ముసురు కూడా ముద్దొచ్చింది.

పని పంచుకున్నారు. కళావతిది సిరిసిల్ల. తండ్రి నారాయణకు నాలుగు పవర్‌లూమ్‌లున్నాయి. జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటోంది. కాలేజీ, ఇల్లు తప్ప మూడో చోటికి వెళ్తే మేనత్త ఊరుకోదు. కాబట్టి చెట్టూపుట్టా తిరగడం బాలకిషన్ వంతు. తెచ్చిన మొక్కల్ని పాత పేపర్లలో పరిచి, మేనత్త బియ్యం బస్తా కింద పెట్టి, రోజూ పేపర్లు మార్చి ఎండబెట్టడం కళావతి వంతు. వాము ఆకు దళసరిది, పదిహేను రోజులైనా ఎండకుండా ఆమె ప్రాణం తీసింది.

లేబుళ్లు కూడా ఆమే రాసేది. మొక్క పేరు, ఏ గుట్ట, ఏ వాగు, ఏ తారీఖు, ఎన్ని కనిపించాయి. చందుర్తి గుట్ట, వాగుకు ఎడమ పక్క, పద్నాలుగు. బుగ్గారం చెరువు కట్ట వెనక, ఆరు. ఇబ్రహీంపట్నం పసుపు చేన్ల గట్టు, తొమ్మిది. అలా రాయకపోతే మార్కులు పడవు.

ల్యాబులో నూనె తీసే రోజు పండగే. బుట్టెడు పుదీనా గాజు కుండలో పోసి ఆవిరి పట్టిస్తే, చివరికి సీసా అడుగున చెంచాడు నూనె తేలింది.

“గింతేనా?” అన్నాడు బాలకిషన్ నీరసంగా.

“గింతే. కని ఒక్క సుక్క నుదుటికి రాస్తె తలనొప్పి పోతది. తులసి నూనె పంటి నొప్పికి. వాము ఆకుది దగ్గుకు.”

“మరి గుండె దడకు?”

“ఆ నూనె నీ తానే ఉన్నట్టుంది. తీసి రాస్కో.”

అది పంతొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం. ఆ రోజుల్లో భుజాన సంచీతో గుట్టల వైపు నడిచే కుర్రాణ్ణి అడవిలోని నక్సలైట్లూ, పోలీసులూ కూడా కనిపెట్టి చూసేవాళ్లు. కళావతి మొక్కల గురించి ఎంత గట్టిగా పోట్లాడినా, అతను చందుర్తి వైపు వెళ్లిన రోజు ఆమెకు అన్నం సహించేది కాదు.

“అన్నలు ఆపిండ్రా?” అని అడిగింది ఒకసారి.

“ఆపిండ్రు. ఏం ఏరుతున్నవని అడిగిండ్రు. తుమ్మి కొమ్మ సూపిచ్చిన. మా దళంల ఒకనికి దగ్గుంది, పనికస్తదా అని అడిగి తీస్కపోయిండ్రు.”

“పోలీసులు?”

“వాళ్లింక అడుగలే.”

అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఒక బుధవారం జగిత్యాల బస్టాండులో జోరువాన. ఒకే గొడుగు, అదీ కళావతిది, అదీ చిల్లు పడింది. చిల్లు కింద తల పెట్టి నిలబడి బాలకిషన్ అడిగేశాడు. “కళా, నేనంటె నీకు ఇష్టమేనా? సక్కగ చెప్పు.”

కోరుట్ల బస్సు కదులుతోంది. జనం తోసుకుంటున్నారు. కళావతి చుట్టూ చూసింది.

“రికార్డుల చెప్త,” అంది చివరికి.

చెప్పింది కూడా. మర్నాడు మొక్కలంటించిన రికార్డు షీట్లు పన్నెండూ సర్ది, బైండింగు చేయించుకు రమ్మని అతనికిచ్చింది. అందులో పదకొండోది ఆ లాంటానా. ఎన్నిసార్లు తీసెయ్యమన్నా అతను తీసెయ్యలేదు. దాని మడతలో చిన్న చీటీ పెట్టింది. అతను తప్పకుండా తెరిచేది ఆ షీటే అని ఆమె లెక్క.

శనివారం వైవా. పది గంటలైంది, బాలకిషన్ రాలేదు. పదకొండుకు కోరుట్ల నుంచే రోజూ వచ్చే క్లాస్‌మేట్ యోహాను రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు.

“బాలకిషన్ను బస్సులకెల్లి దించిండ్రు. దారిల పోలీసుల చెకింగు. ఠాణాకు తీస్కపోయిండ్రు. సంచి ఇప్పి సూశిండ్రు. గుట్టల పేర్లు, వాగులు, పద్నాలుగు, ఆరు, తొమ్మిది... దళంల మంది లెక్కనట అది!”

“మొక్కల లెక్క అని చెప్పరాదా!”

“చెప్పిండు. రాత నాదే అన్నడు. కాయితం ఇచ్చి రాయమన్నరు. కలువలే. మరి ఎవలు రాసిండ్రు అంటె నోరు ఇప్పుతలేడు. ఠాణా కిటికీకాడ నిలవడి ఇన్న నేను. మూడు గంటలు గొట్టంగ జీపుల కరీంనగర్ పంపుతరట.”

కళావతికి అర్థమైంది. తన పేరు రావొద్దని అబద్ధమాడి, ఆ అబద్ధంతోనే ఇరుక్కున్నాడు! వెర్రివాడా, ఆడపిల్ల రాసిందంటే నమ్మేవాళ్లేమో కదా అని ఏడుపొచ్చింది. జీపెక్కినవాళ్లలో అందరూ తిరిగి రారని ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు.

లెక్చరర్ కాలేజీ కాగితం మీద రెండు ముక్కలు రాసిచ్చాడు. సంతకం వంకర పోయింది. తోడు వస్తానని మాత్రం అనలేదు. గేటు దాటేసరికి ఎదురుగా తండ్రి. సిరిసిల్ల వైపు బందు పిలుపుందని బిడ్డను ఇంటికి తీసుకుపోదామని వచ్చాడు నారాయణ.

కళావతి అంతా చెప్పింది. చీటీ సంగతి తప్ప.

“నీకెందుకు బిడ్డా గీ లొల్లి?” అన్నాడు నారాయణ. “పోలీసోళ్ల తోటి మనకేం పని?”

“గా రాత నాది బాపు.”

నారాయణ బిడ్డ చేతిలోని కాగితం చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“పా,” అన్నాడు.

కోరుట్ల దారిలో బస్సు దిగారు. స్టేషన్ గేటు దగ్గర ఒక ముసలామె తడుస్తూ కూర్చుని ఉంది. “బిడ్డా, లోపలికి పోతున్నవా? మా సారయ్య ఉన్నడేమో సూడు, పచ్చ అంగీ” అంది. కళావతి తలూపింది.

లోపల అడుగు పెట్టగానే పుదీనా వాసన గుప్పుమంది. బాలకిషన్ సంచీ విప్పి, వైవాకు తెస్తున్న నూనె సీసా మూత తీసినట్టున్నారు. ఒక కానిస్టేబుల్ నుదురు మెరుస్తోంది. బాలకిషన్ కనిపించలేదు. వెనక గదికి తాళం వేసి ఉంది.

ఎస్సై కోస్తా వైపు మనిషి, నిద్రలేని కళ్లు. కాలేజీ కాగితం చదివి పక్కన పడేశాడు.

“ఇలాంటివి ఎవరైనా రాసిస్తారు. నువ్వెవరమ్మా?”

“గా లేబుళ్లు రాసింది నేను సార్.”

కాగితం, పెన్ను తోశాడు. కళావతి రాసింది. అక్షరం అక్షరం కలిసింది.

“రాత నీదే. అయితే ఇద్దర్నీ పంపించాలన్నమాట.”

నారాయణ ముందుకొచ్చాడు. “సార్, సార్...” అన్నాడు.

“నేను కండ్లు మూస్కుంట సార్,” అంది కళావతి. “మీకిష్టమున్న షీటు ముక్కు కాడ పెట్టుండ్రి. పేరు చెప్త. మీరు లేబులు సూడుండ్రి. ఒక్కటి తప్పినా పంపుండ్రి.”

ఎస్సై ఆమెను ఎగాదిగా చూశాడు. విసుగో, సరదానో, ఒక షీటు లాగాడు.

“తులసి. లవంగం లెక్క ఘాటున్నది.”

ఇంకోటి. “రుద్రజడ. సబ్జ గింజలు దీనియే.” ఇంకోటి. “వాము ఆకు.” తర్వాతి దానికి వాసనే లేదు. “ముట్టుకోవచ్చా సార్?” వేళ్లతో తడిమింది. నాలుగు పలకల కాడ, గణుపు చుట్టూ బంతిలా పూల గుత్తి. “తుమ్మి.”

కానిస్టేబుల్ లేబుళ్లు చదివి “కరెక్టే సార్” అంటున్నాడు. పది అయ్యాయి. పదీ తప్పలేదు. నారాయణ నోరు తెరిచి బిడ్డనే చూస్తున్నాడు. ఎస్సై పదకొండో షీటు ముక్కు దగ్గరికి తెచ్చాడు. లాంటానా ఘాటు.

“అదొద్దు సార్!” కళ్లు తెరిచేసింది కళావతి. “అది మా కుటుంబంది గాదు. తప్పువడి అచ్చింది.”

అనకూడనిది అనేసింది. ఎస్సై చెయ్యి ఆగిపోయింది.

“అయితే ముందు ఇదే చూడాలి.”

మడత విప్పాడు. చీటీ కింద పడింది. కానిస్టేబుల్ ఒక్క గెంతులో తీసిచ్చాడు. ఎస్సై నిటారుగా కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

“‘బాలకిషన్, బుధవారం అడిగినవు గద, రికార్డుల చెప్త అన్న గద. ఇగో చెప్తున్న. నాకు ఇష్టమే. నువ్వు గుట్టలకు పోయిన దినం నాకు బువ్వ పోతలేదు, గందుకే తెల్సింది. మా బాపుకు నేనే చెప్త, నువ్వు ముందు వడకు. గీ లాంటానా మాత్రం తీసి పారెయ్యి. కళ.’”

కళావతికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఎస్సై చీటీ మీది నుంచి తల ఎత్తాడు.

“ఈ బాపు మీరేనా?”

“నేనే సార్,” అన్నాడు నారాయణ. బిడ్డ వైపు తిరిగాడు. “ఎప్పుడు చెప్దామనుకున్నవ్?”

“దసరకు.”

“దసరకింక నెలున్నది గద బిడ్డా,” అన్నాడు నారాయణ. కోపమో, బాధో ఆ గొంతులో ఆమెకు తెలియలేదు. ఎస్సై వైపు చేతులు జోడించాడు. “సార్, నా బిడ్డ అబద్ధం రాయది. పిలగాన్ని ఇడ్సిపెట్టుండ్రి. నేను జమానతుంట, పూచీ నాది.”

ఎస్సై ఎండిన లాంటానా కొమ్మని తిప్పి తిప్పి చూశాడు. “మా ఊళ్లో దీన్ని తలంబ్రాల చెట్టంటారు,” అన్నాడు. తర్వాత గొంతు మార్చి కానిస్టేబుల్‌తో, “తాళం తియ్యి. షీట్లన్నీ ఇచ్చెయ్యి. చీటీ మాత్రం ఫైల్లో ఉండాలి. ఎందుకొదిలావని రేపు నన్నడుగుతారు.”

బాలకిషన్ బయటికొచ్చాడు. చెంప కమిలి ఉంది. కళావతిని చూసి నవ్వబోయి, వెనక నారాయణను చూసి ఆపుకున్నాడు.

గేటు దగ్గర ముసలామె లేచి నిలబడింది. “పచ్చ అంగీ...?”

“లేడవ్వా,” అన్నాడు బాలకిషన్ నేల చూస్తూ. “లోపల నేనొక్కన్నే ఉంటి.”

ముసలామె మళ్లీ కూర్చుంది. కళావతి తన చిల్లు గొడుగు ఆమె చేతికిచ్చింది. ముగ్గురూ తడుస్తూ బస్సు ఆగే చోటికి నడిచారు.

చెట్టు కింద నిలబడ్డాక బాలకిషన్ మెల్లగా అడిగాడు. “ఏదో చీటీ దొరికిందని కానిస్టేబుల్ అన్నడు. బైండింగోళ్లు నిన్న రాత్రి దాక పెట్టుకోని, కుట్టకుంటనే షీట్లు తిరిగిచ్చిండ్రు, తెరిశి సూడనే లేదు నేను. ఏం రాసినవ్?”

కళావతి తండ్రిని చూసింది. నారాయణ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. కండువా నెత్తిన వేసుకున్నాడు.

“బస్సింక రాలే,” అన్నాడు అటే చూస్తూ. “చెప్పు బిడ్డా. పాపం, పొద్దటి సంది దెబ్బలు తిన్నడు.”

స్టేషన్‌లో వణకని కళావతి ఇప్పుడు వణికింది.

“ఇష్టమే అని రాసిన.”

బాలకిషన్ కమిలిన చెంప మీద వాన పడుతోంది, తుడుచుకోలేదు కూడా.

“ఇంకేం రాసినవ్?”

“లాంటానా తీసి పారెయ్యమని.”

అతను షీట్ల కట్టను అంగీ లోపలికి దోపి, తడవకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

“అదొక్కటి మాత్రం ఇనను,” అన్నాడు.