పన్నెండు డబ్బాల నల్లదారం

"పిల్లల కడుపులల్ల పురుగులు వెట్టినవ్. ఇగ గంటె ముట్టకు" అంటూ లాల్‌గడి మలక్‌పేట్ బడి కమిటీ పెద్ద నగేష్ వంటగదికి తాళం వేశాడు. గడప దగ్గర కూలబడిన సుక్కమ్మ చేతిలో గంటె అలాగే ఉండిపోయింది. పదకొండేళ్లుగా ఆ పొయ్యే ఆమెకు బతుకు.

ఈ గోల విని విని వెంకటసాయికి విసుగెత్తింది. సంగతి తేల్చడానికి వచ్చిన అతని బాస్, యాప్రాల్ డిటెక్టివ్ రోజారాణి మాత్రం పొద్దుటి నుంచీ ఒకటే అడుగుతోంది.

"నాలుగు రోజుల కింద పరీక్షకు పోయి, పురుగుల గుడ్లు తేలిన పిల్లల మలం డబ్బాలు ఎవరెవరి చేతులు మారినయ్?"

"తల్లులు నాకిచ్చారండి. పన్నెండూ పెట్టెలో పెట్టి నగేష్ గారి గదిలో ఉంచాను" అంది టీచర్ శ్రీదివ్య.

"నేనైతే ముట్టలే. గా కంపు నాకెందుకు?" అన్నాడు నగేష్.

"మీ చెల్లెను వంటకు పెడదామని చూస్తున్నరట గద?"

"గదానికి, దీనికి ఏం సంబంధం?"

పెట్టెను దూలపల్లి ల్యాబుకు చేర్చిన నవీన్ కుంటుతూ ముందుకొచ్చాడు. బయట అతని బండికి ఒక అద్దం లేదు.

"ఎట్లిచ్చిన్రో అట్లనే ఇచ్చిన మేడం."

"కాలికేమైంది?"

"మెట్ల మీద జారిన."

యమున అనే తల్లి అందుకుంది. "ఎవరన్న మంత్రం జేస్తరేమోనని అందరం డబ్బాలకు నల్లదారం కట్టినం మేడం. బండెక్కేటప్పుడు గూడ మా బిడ్డ డబ్బా దారం పెట్టెలకెల్లి యేలాడుతుండె."

ఫోన్ మోగింది. ల్యాబు నివేదిక చదివి రోజారాణి నుదురు పట్టుకుంది. "సాయీ, అందర్నీ వరండాలకు పిలువు. నాకు ఓపిక అయిపోయింది."

అందరూ చేరాక చెప్పింది. "పట్టుబట్టి జన్యు పరీక్ష చేయించిన. గా గుడ్లు కుక్క పేగులల్ల పెరిగే పురుగువి. మలం గూడ కుక్కదే. పన్నెండు డబ్బాలల్ల ఒక్కటే కుక్క."

ఎవరూ నవ్వలేదు. అప్పటికే పన్నెండు మంది పిల్లలకూ పురుగుల మాత్రలు మింగించారు.

"డబ్బాలు ల్యాబుకు చేరినప్పటి ఫొటో ఇది. ఒక్కదానికి గూడ దారం లేదు. టీచర్ దగ్గర మారినా, నగేష్ గదిల మారినా, బండి మీద యమునకు దారం ఎట్ల కనవడ్తది? తొవ్వల బండి పడ్డది, డబ్బాలు పగిలినయ్. తెచ్చేటోని సంచిల కొత్త ఖాళీ డబ్బాలు ఉండె. రోడ్డు పక్క దొరికిన కుక్క మలం నింపిండు. దారాలు కట్టే ఓపిక లేకపోయింది. మళ్లొచ్చి నిజం చెప్తే ఇంకో పన్నెండు డబ్బాలు ఇచ్చేటోళ్లు గద."

సుక్కమ్మ లేచింది. నగేష్ చేతిలోంచి తాళంచెవి తీసుకుంది. కుంటికాలు వెనక్కి లాక్కుంటున్న మనిషి వైపు గంటె చాపింది.

"నువ్వే గదరా, నవీన్."