తాళం చెదరని కానుకల పెట్టె

మందిరం కాపలాదారు పరిశోధకుడి ఎదుట కుర్చీ అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. కానుకల పెట్టెలోంచి నాలుగు బంగారు గాజులు పోయాయి. తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి ఒక్కటే, అది ఎప్పుడూ ఇతని మొలకే ఉంటుంది. సాయంత్రంలోగా గాజులు తేకపోతే పోలీసులకు అప్పగిస్తానన్నాడట మందిరం బోధకుడు.

"ఇరవయ్యేళ్లుగా ఆ పెట్టె తుడుస్తున్నాను బాబూ. ఇవాళ నా మనవరాలు కూడా నన్ను అదోలా చూసింది."

పరిశోధకుడు ఫీజు మాటెత్తకుండా లేచాడు. ఆయన దగ్గర ఏడేళ్లుగా పనిచేస్తున్న సహాయకురాలికి అర్థమైంది, కేసు పుచ్చుకున్నాడని.

మందిరంలో ఆయన తాళం వంక చూడనైనా లేదు. పెట్టె వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మూత బందుల మరలు తుప్పుపట్టి ఉన్నాయి, కాని వాటి నెత్తిన గాట్లు కొత్తగా మెరుస్తున్నాయి. వేలితో తాకి సహాయకురాలి ముక్కు దగ్గర పెట్టాడు. పల్చటి నూనె. ఆమెకు వాళ్లమ్మ కుట్టుమిషను గుర్తొచ్చింది. పెట్టెలో నోట్లు మాత్రం దండిగా ఉన్నాయి.

ఆ గాజులెవరివని అడిగితే కాపలాదారు చెప్పాడు. మందిరానికి తెరలు కుట్టే దర్జీ ఆవిడవి. కూతురి ఆపరేషనుకని దాచుకుంది. అన్నిటికన్నా ప్రియమైనది ఇచ్చేస్తే పిల్ల లేచి తిరుగుతుందన్నాడు బోధకుడు. ఇచ్చాక వాటిని ఎత్తి అందరికీ చూపించాడు కూడా. పిల్ల పోయి ఆరు రోజులైంది.

అక్కణ్నుంచి పరిశోధకుడు, సహాయకురాలు ఆసుపత్రికి వెళ్లి, ఆ పిల్లని చూసిన డాక్టరుతో మాట్లాడారు. నాలుగింటికి అందర్నీ మందిరంలో కూర్చోబెట్టారు.

"తాళంచెవి ఉన్నవాడికి మరలు విప్పాల్సిన పనేముంది?" అన్నాడు పరిశోధకుడు. "దొంగయితే నోట్లు వదలడు. తీసినవాళ్లు తమది మాత్రమే తీసుకున్నారు. తుప్పు మరలకి కుట్టుమిషను నూనె పూశారు."

దర్జీ ఆవిడ లేచి నిలబడింది. జ్వరం ముదిరాక గాజులు తీసి, అమ్మి, ఆపరేషను చేయించానంది. పిల్ల బల్ల మీదే పోయిందంది. తర్వాత బోధకుడి వైపు తిరిగింది.

"ఇచ్చింది వెనక్కి తీసుకున్నందుకే దేవుడు నా పిల్లని తీసుకుపోయాడా అయ్యగారూ?"



"కాదమ్మా," అన్నాడు పరిశోధకుడు. "డాక్టర్ని నేనే అడిగాను. ఎప్పుడు తీసుకొచ్చినా ఆ పిల్ల దక్కేది కాదట. మీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

ఆమె ఉన్నచోటే కూలబడి, కొంగు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది. ఆరు రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలని పక్కింటావిడ అంది. కాపలాదారు వెళ్లి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. సహాయకురాలు తలెత్తలేకపోయింది.

పరిశోధకుడు, సహాయకురాలు మెట్లు దిగుతుంటే బోధకుడు వెనకే వచ్చాడు. డాక్టరు నిజంగా అలాగే అన్నాడా అని అడిగాడు.

"లేదు," అన్నాడు పరిశోధకుడు. "పది రోజులు ముందుగా తెచ్చుంటే బతికేదన్నాడు. ఆమె మోయలేదు ఆ మాట. మీరు మొయ్యండి."