హొనోరాకి మూడు దోసిళ్ల నీళ్లు

సూర్యకిరణ్‌కి మనుషులంటే చులకన. తాతముత్తాతలను వెతికించుకునే అమెరికా వాళ్లంటే మరీను. వాళ్లిచ్చే డబ్బు మాత్రం చులకన కాదు, అది వేరే సంగతి.

పగలు కువైట్‌లోని అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రాయింగులకు నంబర్లు వేసి బీరువాల్లో సర్దే ఉద్యోగం అతనిది. సాయంత్రాలు, సెలవు రోజులు అబ్బాసియాలోని రెండు గదుల ఫ్లాట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని ఐర్లండ్ పాత రికార్డులు తవ్వేవాడు. చర్చి పుస్తకాలు, ఓడల జాబితాలు, జనాభా లెక్కలు. అమెరికాలో ఎవరో ముసలావిడ మా పెద్దలు ఏ ఊరివాళ్లో కనిపెట్టి చెప్పండని రాస్తుంది. ఈ కోనసీమవాడు కువైట్‌లో కూర్చుని కనిపెట్టి పెడతాడు.

“వీళ్ల తాతలు కట్టుబట్టలతో ఓడెక్కేశారు. వెనకాల తల్లి బతికుందో పోయిందో ఒక్కడూ కనుక్కోలేదు. ఇప్పుడు ఐదో తరానికి ప్రేమ పుట్టుకొచ్చింది,” అని భార్య అరుణజ్యోతి దగ్గర వెక్కిరించేవాడు.

ఆ జులైలో అతను వెతుకుతున్న మనిషి పేరు హొనోరా. ఐర్లండ్ పడమటి తీరాన ఒక పల్లెటూరి మనిషి. ఏడుగురు పిల్లలు. ఏడుగురూ ఒకరి వెనక ఒకరు అమెరికా వెళ్లిపోయారు. ఎవరు ఏ ఓడెక్కారో, ఎవరి సమాధి ఏ ఊళ్లో ఉందో, అన్నీ దొరికాయి. తల్లి చావు మాత్రం దొరకలేదు. 1901 జనాభా లెక్కల్లో డెబ్భై ఆరేళ్ల వితంతువు, చదువు రాదు, ఇంట్లో ఒక్కతే అని ఉంది. ఆ తర్వాత ఏ పుస్తకంలోనూ ఆవిడ లేదు. నెల రోజులుగా ఆ పేరు పొద్దస్తమానం అతని నోట్లో నలుగుతూనే ఉంది. ఆ పల్లెల్లో పిల్లలు అమెరికా బయల్దేరే ముందు ఇంట్లోవాళ్లు చుట్టూ కూర్చుని శవం దగ్గర ఏడ్చినట్టు ఏడ్చేవారని కూడా ఎక్కడో చదివాడు. వెళ్లినవాళ్లు తిరిగి రారని ముందే తెలుసు గనక. బతికున్నవాళ్లకి శోకాలేమిటని పడీ పడీ నవ్వాడు.

“నవ్వింది చాల్లెండి,” అంది అరుణజ్యోతి. “మావయ్యగారు పోయి ఏడాది దాటింది. ఒక్క అమావాస్యకైనా నీళ్లొదిలారా? ఈ శుక్రవారం అమావాస్య. ఆఫీసు కూడా లేదు. సాయంత్రం మమ్మల్ని విమానం ఎక్కించే లోపు ఆ పని కానివ్వండి.”

బడికి వేసవి సెలవులిచ్చారు. ఆవిడా, ఆరేళ్ల కూతురు నాగదుర్గా నెల రోజులు ఊళ్లో ఉండి రావడానికి వెళుతున్నారు. లోకంలో సూర్యకిరణ్ ఎగతాళి చెయ్యని మనిషంటూ ఉంటే అది దుర్గ ఒక్కతే. ఆ పిల్ల ముందు అతను అందరిలాంటి తండ్రి. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి తీసేవాడు కాదు.

అబ్బాసియాకి దగ్గర్లోనే ఖైతాన్‌లో కుక్కుటేశ్వరరావు గారని పిఠాపురం ఆయన ఉన్నారు. వారమంతా కిరాణా గోదాములో బస్తాలు దింపిస్తారు. అమావాస్యకి మాత్రం తన ఫ్లాట్‌లో ఎనిమిది మందిని వరసగా కూర్చోబెట్టి తర్పణాలు చేయిస్తారు. దర్భలు ఊరి నుంచి సూట్‌కేసుల్లో, ఆవకాయ సీసాల పక్కన వస్తాయి. మూడు తరాల పేర్లు ముందే కాగితం మీద రాసి తెమ్మంటారు.

తండ్రి, తాత, ముత్తాత పేర్లు రాశాడు సూర్యకిరణ్. ఎప్పుడో పోయిన తల్లి పేరు, నాయనమ్మ పేరు రాశాడు. నాయనమ్మ అత్తగారి దగ్గర ఆగిపోయాడు. అమలాపురంలో ఉన్న మేనత్త సూరాయమ్మకి ఫోన్ చేశాడు.

“ఆవిడ పేరు ఎవరికి తెలుసురా? అందరూ మామ్మా అనేవోరు. పేరెట్టి పిలిచినోళ్లు ఎవరున్నారు?” అంది ఆవిడ.

పరాయివాళ్ల వంశాలు ఐదేసి తరాలు తవ్వి పోసే మొనగాడికి సొంత తాతను కన్నావిడ పేరు తెలియలేదు. శుక్రవారం మధ్యాహ్నం పక్కన కూర్చున్న ఏడుగురి కాగితాలూ నిండుగా ఉన్నాయి. వాళ్లలో డ్రైవర్లున్నారు, ఇళ్లల్లో వంట చేసేవాళ్లున్నారు. వాళ్లకు తెలిసింది తనకు తెలియదని ఒప్పుకోవడం కన్నా అబద్ధం చెప్పడమే మేలనిపించింది. ఖాళీగా ఉన్న చోట హొనోరా అని రాసి ఇచ్చాడు.

“పేరు తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు బాబూ, దానికి వేరే మాట ఉంది,” అన్నారు కుక్కుటేశ్వరరావు గారు కాగితం చూసి. “ఇదేం పేరు?”

“యానాం ఆడపడుచండీ. ఫ్రెంచివాళ్ల కాలంలో పెట్టిన పేరు.”

ఆయన నమ్మేశారు. అంత తేలిగ్గా నమ్మినందుకు ఆయనంటే కూడా చులకన కలిగింది సూర్యకిరణ్‌కి.

నువ్వులు కలిపిన నీళ్లు బొటనవేలి పక్క నుంచి పళ్లెంలోకి జారాలి. తండ్రికి వదిలాడు. తాతకి వదిలాడు. నీళ్లు పళ్లెంలో పడ్డ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తల్లి అయింది, నాయనమ్మ అయింది. పంతులుగారు అతని గోత్రం చెప్పి, హొనోరా పేరు చెప్పి, నీళ్లు వదలమన్నారు.

మొదటి దోసిలి చప్పుడు చెయ్యలేదు.

రెండో దోసిలి నీళ్లు చెయ్యి దాటాయి. పళ్లెంలో పడలేదు.

మూడోసారి బొటనవేలి మొదట్లో ఏదో ఆనింది. చల్లగా... పొడిగా... అవి పెదవులు. చివరి చుక్క దాకా పీల్చుకుని వదిలాయి.

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మిగతావాళ్లు తలలు వంచుకుని ఎవరి నీళ్లు వాళ్లు వదులుతున్నారు. ఏసీ గాలి అనుకున్నాడు. పళ్లేనికి చిల్లుందనుకున్నాడు. చదువుకున్నవాడు గదా, కారణాలకు తక్కువేముంది?

ఇంటికొచ్చేసరికి మూడయింది. అప్పుడే దుమ్ము లేచింది. కిటికీలో వెలుతురు ముందు పసుపుగా, తర్వాత ఇటుక రంగులోకి తిరిగి, కాసేపటికి పూర్తిగా అణగారిపోయింది. పట్టపగలు వీధి దీపాలు వెలిగాయి. విమానం ఆలస్యమని ఫోన్‌కి కబురొచ్చింది. కిటికీ సందుల్లోంచి సన్నటి ఇసుక లోపలికి రాలుతోంది. ఆ మట్టి వాసనలో ఇంకేదో వాసన కలిసింది. తడిసిన పొగ లాంటిది. దాని వెనకే కుళ్లు.

“ఏమండీ, నిన్న తెచ్చిన బంగాళాదుంపలు చూశారా?” అంది అరుణజ్యోతి వంటింట్లోంచి. “అన్నీ నల్లబడి నీరు కారిపోతున్నాయి.”

హొనోరా పడుచుగా ఉన్న రోజుల్లో ఆ దేశంలో దుంప పంట కుళ్లి లక్షల మంది ఆకలితో పోయారు. అతను ఆ సంగతి ఎన్నోసార్లు చదివాడు. చదివినప్పుడు వాసన రాలేదు.

దుర్గ అప్పటికే బూట్లు వేసుకుని వీధి తలుపు దగ్గర కూర్చుంది. చెప్పుల స్టాండు పక్కన ఖాళీ మూలకేసి చూస్తూ ఏదో చెబుతోంది.

“ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?”

“మామ్మతో.”

“ఏ మామ్మ?”

“నువ్వు నీళ్లిచ్చావంట గదా, ఆ మామ్మ. నన్ను వెళ్లొద్దంటోంది నాన్నా. వెళ్లినోళ్లెవరూ రాలేదంట.”

కాగితం మీద ఏ పేరు రాశాడో అతను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏదో ఒకటి అనబోయాడు. కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. గాజు మీద ఇసుక రాలే చప్పుడు ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ వినపడలేదు. చెప్పుల స్టాండు వైపు నుంచి ఏడుపు మొదలైంది. ముందు సన్నగా కూనిరాగంలా... మెల్లగా లేస్తూ... ముసలి గొంతు... ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగడం లేదు.

“పక్కింట్లోనా?” అంది అరుణజ్యోతి గుసగుసగా, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని.

తలుపు చప్పుడైంది. ఎదురు ఫ్లాట్ ముసలామె జుబేదా బీ. రాయచోటి మనిషి, అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది. సెల్‌ఫోన్ లైటు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“పాపకేమైంది బిడ్డా?” అంది గొంతు తగ్గించి.

“ఏం కాలేదే. ఎందుకు?”

“మీ ఇంట్లోనే గదా ఏడస్తాండేది. శవం కాడ ఏడ్చినట్ల. మాటలేమీ అర్థం కాలా. దుర్గా, దుర్గా అనేది మాత్రం ఇనిపించింది...”

దుర్గ తల్లి కొంగు పట్టుకుని నిలబడి జుబేదా బీ వంక చూస్తోంది. ఆమె ఆ పిల్లను ఎగాదిగా చూసింది. నోట్లోనే ఏదో చదువుకుంటూ వెళ్లిపోయింది.

సూర్యకిరణ్ బాత్‌రూములోకి పోయి తలుపేసుకుని కుక్కుటేశ్వరరావు గారికి ఫోన్ చేశాడు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి ముందు సిగ్గుపడ్డాడు.

“ఆవిడ యానాం మనిషి కాదండీ. మా ఇంటి మనిషే కాదు. ఐర్లండ్ ఆవిడ. పిల్లలందరూ అమెరికా పోయారు.”

“పోయిన మనిషేనా?” అన్నారాయన.

“పోయే ఉంటుందండీ. కాగితం దొరకలేదు.”

“ఎంత పని చేశావు బాబూ! నీ గోత్రమిచ్చావు, నీళ్లిచ్చావు. ఇహ ఆవిడ మీ మామ్మే. ఇంటి పెద్దావిణ్ణి పొమ్మంటే పోతుందా? ప్రయాణం మానిపించు. తప్పదంటావా, పిల్ల చేత చెప్పించి పంపు. మనిళ్లల్లో వెళతానని ఎవరం అనం గదా. వెళ్లొస్తానంటాం. ఆవిడకి ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు.”

ప్రయాణం మానిపిస్తే పిల్ల ఈ రాత్రి ఈ ఇంట్లో పడుకోవాలి. బయటికొచ్చి దుర్గను ఆ మూల ఎదురుగా నిలబెట్టాడు.

“మామ్మా, వెళ్లొస్తాను అను తల్లీ.”

“మామ్మా, వెళ్లొస్తాను,” అంది దుర్గ. చెవి ఒగ్గి ఏదో వింది. “సరే,” అని తలూపింది.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. కరెంటు వచ్చింది.

“ఏమంది?” అన్నాడు.

“వెళ్లిన తన పిల్లలందర్నీ తీసుకురమ్మంది. సరే అన్నాను.”

రాత్రికి దుమ్ము తగ్గింది. విమానం వెళ్లింది. సూర్యకిరణ్ ఇంటికొచ్చి దీపాలన్నీ వేసుకుని పడుకున్నాడు. ఏమీ జరగలేదు. తెల్లారాక కుళ్లిన దుంపలు బయట పారేసి, టీ పెట్టుకుని, రాత్రి తన భయాన్ని తలుచుకుని తనే నవ్వుకున్నాడు. పంతులుగారి మీదా, రాయచోటి ముసలామె మీదా, చచ్చిందో లేదో తేలని ఐర్లండ్ మామ్మ మీదా చులకన మళ్లీ పుట్టుకొచ్చింది. పొద్దున్నంతా హాయిగా ఉన్నాడు.

మధ్యాహ్నం అరుణజ్యోతి వీడియో కాల్ చేసింది. ఇల్లు చేరారు. భోజనాలు అయ్యాయి.

“దుర్గ తినలేదండీ. విమానం ఎక్కిన దగ్గర్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.”

“నిద్ర చాల్లేదేమో.”

“నిద్రా పోవట్లేదు. కళ్లు తెరుచుకునే ఉంటోంది. ఎవరు పిలిచినా పలకట్లేదు. నాకు భయమేస్తోంది.”

ఫోన్ తిప్పి చూపించింది. దుర్గ చాప మీద కూర్చుని ఉంది. ముఖం ఇటే ఉంది. రెప్ప వెయ్యడం లేదు.

“దుర్గా... నాన్ననమ్మా. ఇటు చూడు.”

పలకలేదు.

అప్పుడు అబ్బాసియాలో అతని ఫ్లాట్ తలుపు ఎవరో తట్టారు. బాగా కింద నుంచి. చిన్నపిల్లల చెయ్యి అందేంత ఎత్తులో.

“నాన్నా, వచ్చేశాను.”

అది దుర్గ గొంతే. ఇంకెవరి గొంతూ కాదు.

“ఏమండీ...” అంది ఫోన్‌లో అరుణజ్యోతి. “అక్కడెవరండీ?”

ఫోన్ చేత్తో పట్టుకునే తలుపు దగ్గరికి నడిచాడు. కంతలోంచి చూశాడు. ఖాళీ కారిడార్, ఎదురుగా జుబేదా బీ ఇంటి తాళం.

“దుర్గా?” అన్నాడు.

“ఊఁ. తలుపు తియ్యి నాన్నా. అందర్నీ తీసుకొచ్చాను.”

మళ్లీ తట్టారు. ఈసారి ఒక్క చెయ్యి కాదు. తలుపు కింది సందులోంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. సముద్రం వాసన.

తీస్తే ఆ పిల్ల ఒక్కతే రాదు. తియ్యకపోతే... ఫోన్‌కేసి చూశాడు. చాప మీద కూర్చున్న ఆ కళ్లల్లో ఎవరూ లేరు. అతను గొళ్లెం మీద చెయ్యి వేశాడు. లాగలేకపోయాడు, వదల్లేకపోయాడు.

“తొందరగా నాన్నా. చలేస్తోంది.”

జులై నెల. ఆ కారిడార్‌లో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఫోన్‌లో దుర్గ మెల్లగా వణకడం మొదలుపెట్టింది.