హీలియం వాల్వు దగ్గర పన్నెండు సెకన్లు

ఉదయం తొమ్మిదింటికి ప్రయోగశాల మెట్ల మీద మాగ్నెట్లని చల్లబరిచే హీలియం చూసుకునే టెక్నీషియన్ శవం దొరికింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

పదింటికి ఏజెంట్ డేగ చీఫ్ గదిలో ఉన్నాడు. యాంటీప్రోటాన్లనే అరుదైన కణాలు తయారుచేసే ఆ ప్రయోగశాల మీద ఓ ముఠా కన్నేసిందని, ఈ హత్య వాళ్ల పనేనని చీఫ్ చెప్పాడు.

"యాంటీప్రోటాన్లు ఎత్తుకెళ్లి బాంబు చేస్తారా సార్?"

చీఫ్ పక్కనున్న పెద్ద శాస్త్రవేత్త నవ్వింది. "మేం ఏడాదంతా పోగేసినా వాటితో కప్పు టీ కాగదు నాయనా! వాటి బీమ్‌ని హైడ్రోజన్ మీదికి వదులుతాం. అప్పుడు పుట్టే కణాలను బట్టి, ప్రోటాన్‌లో క్వార్కులనే చిన్న కణాల్ని పట్టి ఉంచే స్ట్రాంగ్ ఫోర్స్ గుట్టు తెలుస్తుంది. ఎంత లాగినా పట్టు వదలని మొండిఘటం అది."

"వాళ్లకి కావలసింది ఆ గుట్టే. ఆరేళ్ల డేటా డిస్కులు," అన్నాడు చీఫ్. "ఈరోజు విదేశీ బృందం వస్తోంది. అందులో ప్రొఫెసర్‌ వేషంలో ఉన్నవాడే ముఠా నాయకుడు. పట్టుకోవడానికి రుజువు లేదు. ఇంటర్‌ప్రెటర్ పేరు సిల్కు. మనకీ వాళ్లకీ పనిచేసే మనిషి. నమ్మితే కొంప మునుగుతుంది."

మధ్యాహ్నం రెండూ యాభై తొమ్మిది. భూగర్భ హాల్లో ఆరుగురు ఇంజనీర్లు చివరి చెకింగ్ చేస్తున్నారు. విదేశీ బృందం తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. పంపు మెకానిక్ వేషంలో ఉన్న డేగ పక్కనుంచి సెంటు వాసన వచ్చింది.

"గొడుగు తెచ్చారా?" అన్నాడతను.

"ఎండకే," అంది సిల్కు. కోడ్ సరిపోయింది. "మూడింటికి హీలియం వాల్వు పేలుతుంది. గ్యాసు కమ్మేసి హాల్లో ఆక్సిజన్ ఉండదు. ఆరుగురూ పోతారు. ఆ గోలలో డిస్కులు మాయం. బాంబు ఎడమ వాల్వు కింద ఉంది. అలారం మోగితే ప్రొఫెసర్ రిమోట్ నొక్కేస్తాడు."

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు గర్జించింది. "అబద్ధం! టెక్నీషియన్ని పట్టించింది ఆవిడే. కుడి వాల్వుకి వెళ్లు!"

రెండు వాల్వుల మధ్య వంద మీటర్లు. రెండూ చూసే టైం లేదు.

"నిన్నెందుకు నమ్మాలి?"

సిల్కు కళ్లు పొడిగానే ఉన్నాయి. "చచ్చిపోయింది నా తమ్ముడు. ఆ సంగతి వాళ్లకీ తెలీదు, మీకూ తెలీదు."

డేగ ఎడమవైపు పరుగెత్తాడు.

వాల్వు కింద నల్లడబ్బా. మీద పన్నెండు అంకె మెరిసింది. పైపు అడ్డొచ్చి చెయ్యి దూరడం లేదు. వాల్వు చక్రం తిప్పి బిగించి, హీలియం ఆపేసి, పైపు పక్కకి లాగాడు. ఏడు. తలుపు దగ్గరున్న ప్రొఫెసర్ అది చూశాడు. చెయ్యి కోటు జేబులోకి పోయింది. అప్పటికే అతని పక్కకి చేరిన సిల్కు ఆ మణికట్టులో హెయిర్‌పిన్ దించింది. రిమోట్ నేలమీద పడి జారిపోయింది. నాలుగు. మూడు. డేగ వేలిగోరు విరిగింది గాని బ్యాటరీ ఊడొచ్చింది.

అంకె రెండు దగ్గర ఆరిపోయింది.

గార్డులు ప్రొఫెసర్ని లాక్కుపోతుంటే సిల్కు ఒక్క మాటే అడిగింది. "మా వాడిని ఒకసారి చూడొచ్చా?"

"నేను తీసుకెళ్తాను," అన్నాడు డేగ.

అప్పుడే శాస్త్రవేత్త పరుగున వచ్చింది. ఆరుగురు ఇంజనీర్లనీ వేలు చూపిస్తూ లెక్కపెట్టి, ఊపిరి పీల్చుకుని, వాల్వు వైపు చూసింది.

"ఎవరయ్యా దీన్ని బిగించింది? హీలియం ఆగిపోయింది! మాగ్నెట్లు మళ్లీ చల్లబడడానికి రెండు రోజులు పడుతుంది!"

"ప్రాణాల మీదికొస్తే ఫిజిక్స్ గుర్తురాలేదు మేడమ్."

"అందుకే నిన్ను గూఢచారిగా పెట్టుకున్నారు," అందావిడ.