శేషాద్రి పంపిన బూట్లు

"టార్గెట్ పేరు రాజశేఖర్. మాజీ మేజర్. ఆళ్లగడ్డలో రాతి శిల్పాల వర్క్‌షాప్. ఇవ్వాళ నువ్వే అరెస్ట్ చేయాలి."

ఇంటెలిజెన్స్ చీఫ్ ప్రసన్నకుమారి ఒక్క మాట కూడా ఎక్కువ ఖర్చుపెట్టే మనిషి కాదు. నంద్యాల లాడ్జి గదిలో ఏజెంట్ శేషాద్రి ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అద్దం ముందు నిలబడి నుదుట తిరునామం దిద్దుకుంటున్నాడు. వర్క్‌షాప్ చుట్టూ కాపలా కాసేవాళ్ళ కళ్ళు కప్పడానికి, విగ్రహం బేరానికొచ్చిన అహోబిలం అర్చకుడి వేషం. పుట్టిందే ఆ అర్చకుల ఇంట్లో కాబట్టి పెద్దగా కష్టపడాల్సిన పనిలేకపోయింది. అద్దంలో అచ్చం వాళ్ళ నాయన నిలబడి ఉన్నాడు.

"ఈ పనికి నేనెందుకు మేడమ్? మిలిటరీ కాలేజీలో వాడిదీ నాదీ ఒకే గది."

"అందుకే. నిన్ను చూస్తే పారిపోడు."

శేషాద్రి ఫోన్ పెట్టేసి కారు తాళాలు అందుకున్నాడు. స్నేహితుడి ముందుకి వెళ్ళడానికి మొహం చెల్లొద్దూ!

వాళ్ళ బ్యాచ్‌కి ఒక అలవాటుంది. కాలేజీలో పరేడ్‌కి ముందు రూమ్మేట్ల బూట్లు ఒకరివొకరు పాలిష్ చేసేవాళ్ళు. యాభై దగ్గర పడేసరికి అందరూ యూనిఫాం విప్పేసి తలో దారి పట్టారు. హరీష్ క్షిపణుల సైంటిస్ట్ అయ్యాడు, ఇంకొకడు బ్యాంకులో చేరాడు, మరొకడు పాల డెయిరీ పెట్టాడు. కానీ ఎవడు కొత్త పనిలో దిగినా వాడి రూమ్మేట్ కొత్త బూట్లు కొని, తన చేత్తో పాలిష్ పెట్టి, లేసులు నిచ్చెన మెట్లలాగా అడ్డంగా కట్టి పంపాల్సిందే. కత్తెరలాగా ఒకదాని మీదొకటి వేసి కట్టినవాడికి కాలేజీలో గ్రౌండంతా పల్టీలే మరి!

శేషాద్రి ఆర్మీ వదిలి "ఇన్సూరెన్స్‌లో చేరాను" అని అందరికీ అబద్ధం చెప్పినప్పుడు రాజశేఖర్ బూట్లు పంపాడు. పోయినేడు రాజశేఖర్ వర్క్‌షాప్ పెట్టినప్పుడు శేషాద్రి పంపాడు. పాలిష్ ప్రేమగానే పెట్టాడు. మడమలో మాత్రం మైక్ పెట్టించాడు, నడిచేకొద్దీ ఛార్జ్ అయ్యే రకం.

రాజశేఖర్ మీద అనుమానం షాలిని వల్ల వచ్చింది. పైకి రాజశేఖర్‌కి రాయి పంపే గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ మేనేజర్. లోపల విదేశీ ముఠాలో ఉంటూ మనకి సమాచారం అందించే డబుల్ ఏజెంట్, కోడ్ నేమ్ 'కనకాంబరం'. రాజశేఖర్ ముఠాకి అమ్ముడుపోయాడనీ, గురి హరీష్ మీదనీ ఆమె రిపోర్ట్. ఇవ్వాళ నంద్యాలలో బ్యాచ్ మొత్తం కలుస్తోంది. సర్వీసులో చనిపోయిన క్లాస్‌మేట్ల గుర్తుగా రాతి స్తూపం నిలబెడతారు. అది తయారైంది రాజశేఖర్ వర్క్‌షాప్‌లోనే.

శేషాద్రి ఆళ్లగడ్డ చేరేసరికి వర్క్‌షాప్‌లో ఉలి చప్పుడు లేదు. నల్ల కళ్ళద్దాలతో షాలిని ఒక్కతే ఉంది. అంత రాతి దుమ్ములోనూ ఆమె పట్టుచీర మీద నలుసు లేదు.

"నల్లరాయి దొరుకుతుందా అమ్మా?"

"వాన పడితే దొరుకుతుంది స్వామీ." కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "లేట్ చేశారు. పొద్దున్నే స్తూపంతో లారీ ఎక్కాడు. పీఠంలో బాంబుంది. రిమోట్ వాడి చేతిలోనే. కనబడగానే కాల్చేయండి, మాట్లాడనివ్వకండి."

కారు నంద్యాల దారి పట్టింది. ఆ ఆఖరి మాట శేషాద్రికి మింగుడుపడలేదు. మాట్లాడనివ్వొద్దట! ఎందుకో? కంట్రోల్ రూమ్‌కి ఫోన్ కొట్టి బాంబు సంగతి చెప్పాడు. ఎత్తినవాడు నతానియేలు; ఆ మైక్ అమర్చిందీ, ఏడాదిగా వింటున్నదీ అతనే.

"ఇన్నాళ్ళలో వాడు బాంబు మాటే ఎత్తలేదా?"

"బిజినెస్ మాటల్లో లేదు సార్. ఒంటరిగా ఉన్నప్పుడు ఏదో సొంత సోది. పర్సనల్ అని పూర్తిగా వినకుండానే పక్కన పడేశా. మీరు కూడా వినిపించొద్దన్నారు కదా."

అన్నాడు. స్నేహితుడి గొంతు దొంగచాటుగా వినే మొహం లేక అన్నాడు.

"ఇప్పుడు పెట్టు."

ఇయర్‌పీస్‌లో రాజశేఖర్ నవ్వాడు. "శేషూ, బూట్లు అందినాయిరా. పాలిష్ నీదే. లేసులు నీవి కావు, ఎవుడో కత్తెర ఏసినాడు. మడమ ఇప్పి చూస్తే అర్థమైపాయ. ఇన్సూరెన్స్ అంటివి కదరా దొంగనాయాలా!" లేసులు లాగుతున్న చప్పుడు. "నన్నే అనుమానిస్తివా? ఆ పొద్దంతా ఏడ్చినా. మళ్ళ అనుకుంటి, ఫోన్ చేస్తే ఎత్తవు, దీంట్లో చెప్తే ఇనకుండా యాడికి పోతావ్? లేసులు సరిగ్గా కట్టి తొడుక్కున్నా."

శేషాద్రి కారు వేగం పెంచాడు. ఏడాది మాటలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. రుద్రవరంలో వాళ్ళమ్మ కమలాక్షమ్మకి కంటి ఆపరేషన్ అయిందట. "అమ్మ నిన్నే అడుగుతాండాది, శేషు యాడున్నాడు అని." శనగ పంట వానకి పోయిందట. చివరికి పోయిన వారం మాట వచ్చింది.

"శేషూ, ఆ షాలిని పంపిన పీఠం రాయి తేడాగా ఉంది. సుత్తితో తడితే గంట మాదిరి మోగల్ల, ఇది డబ్బా మాదిరి పలుకుతాండాది. ఆయమ్మ మనుషులు నా ఎంబడే తిరుగుతాండారు. నేనేమీ తెలీనట్టే ఉంటా. నువ్వు ఇంటాండావు కదా, మీవోళ్ళు చూసుకుంటారులే."

శేషాద్రి చీఫ్‌ని లైన్‌లోకి పిలిచాడు. "మేడమ్, ముఠా మనిషి షాలిని! రాజా కాదు! ఈపాటికి హైవే ఎక్కి ఉంటుంది, పాణ్యం దాటకముందే పట్టుకోండి!"

"ప్రూఫ్?"

"వాడు మనకి చెప్పి వారమైంది. మనమే వినలేదు."

రాజశేఖర్ నంబర్‌కి ఫోన్ చేస్తే హరీష్ ఎత్తాడు. "రాజానా? ఫోన్ ఈడ కుర్చీ మీద పెట్టినాడప్పా. స్తూపం ఇంకా దింపనే లేదు, ఏదో మర్చిపోయినానని లారీ తీస్కొని కుందూ ఏటి దిక్కు పోయినాడు."

"నతానియేలూ, లైవ్ పెట్టు!"

లారీ ఇంజన్ రొద. దాని మీద రాజశేఖర్ గొంతు.

"...మీవోళ్ళు ఎవురూ రాకపోతిరి గదరా శేషూ. పీఠంలో టిక్కుటిక్కుమంటాండాది. నువ్వు ఇంటాండావనే నమ్మితిరా. ఇంటాండావా?"

"వింటాండా రాజా! దూకేయ్‌రా! దూకు!" కారులో గొంతు చించుకుని అరిచాడు శేషాద్రి. ఆ బూటుకి చెవులే ఉన్నాయి, నోరు లేదు. తను అడిగి చేయించుకున్నది అలాంటిదే.

"ఈడ దూకితే చేన్లో కూలోళ్ళు ఉండారు. గట్టు దాటించి దూకుతా. బూట్లు బురదైతే మళ్ళ నువ్వే పాలిష్ చేయల్ల, ముందే చెప్తాండా." నవ్వు. "ఒకమాట శేషూ. నామీద నీకు అనుమానం పోయిందా, లేదా?"

"పోయింది రా! పోయింది!"

"సరేలే. అమ్మ దగ్గరికి ఒకసారి పోయి రా..."

దూరంగా కుందూ వైపు పొగ లేచింది. ఇయర్‌పీస్‌లో ఇంక ఏమీ లేదు. శేషాద్రి కారు రోడ్డు పక్కకి లాగి, నుదుటి నామం కళ్ళల్లోకి కారుతుంటే చంటిపిల్లాడిలాగా ఏడ్చాడు.

షాలిని పాణ్యంలో దొరికింది. ముఠా మొత్తం బయటపడింది. హరీష్ బతికాడు, బ్యాచ్ బతికింది. "ఆపరేషన్ సక్సెస్. డివైస్ చివరి వరకూ చక్కగా పనిచేసింది" అని చీఫ్ రిపోర్ట్ రాసింది. శేషాద్రి దాని కింద సంతకం పెట్టాడు, పక్కనే రాజీనామా కాగితం పెట్టాడు.

రుద్రవరంలో కమలాక్షమ్మ ఇంటి దగ్గర్లోనే ఒక స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేరాడు. మొదటి రోజు ఇస్త్రీ ప్యాంటు, టక్ చేసిన చొక్కా, కాళ్ళకి రబ్బరు చెప్పులు.

"డ్రిల్ మాస్టారు చెప్పులతో వస్తే ఎట్లప్పా?" అన్నాడు హెడ్‌మాస్టర్.

"కొత్త ఉద్యోగం కదా సార్," అన్నాడు శేషాద్రి. "బూట్లు ఇంకా రాలేదు."