మెట్ల మీద చెప్పిన జవాబు

జగన్నాధం మాస్టారు మంచం పక్కన బోర్లా పడి ఉన్నారు. తల వెనక దెబ్బ. పక్కనే పచ్చళ్లు రుబ్బే రాతి పొత్రం. రక్తం చాప కిందికి పారింది.

అరసవల్లి. 2018. ఆదివారం ఉదయం. కింద రోడ్డు మీద గుడికి వెళ్లే ఆటోల రద్దీ. మేడ మీద గదిలో శవం.

ఎస్సై గౌరి వచ్చేసరికే హెడ్ కానిస్టేబుల్ నారాయణమూర్తి కేసు తేల్చేశాడు.

"దొరికిపోయాడు మేడమ్. ఆటో డ్రైవర్ గోవింద్. మెట్లు దిగుతుంటే చేతులకి రక్తం."

గౌరి గోవింద్‌ని చూసింది.

"ఎందుకు వెళ్లావు పైకి?"

"మా సిన్నతల్లికి సదువు సాలు, మానిపించీండని అడగడానికి మేడమ్."

"నిన్న కూడా వచ్చి గొడవ పడ్డావట."

"గొడవ కాదు మేడమ్. గట్టిగా మాటాడినాను."

"రక్తం ఎలా అంటింది?"

"నాను తలుపు తీసేసరికే పడున్నారు. లేపుదామని పట్టుకున్నాను. కూర్మనాధస్వామి మీద ఒట్టు!"

మాస్టారి మేనల్లుడు రమేష్‌బాబు గుమ్మం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. కింది వాటాలో ఉంటాడు. మెయిన్ రోడ్డు మీద కోచింగ్ సెంటర్ నడుపుతాడు.

"ఉదయం ఎక్కడున్నారు?"

"క్లాసులో మేడమ్. ఏడింటికే వెళ్లిపోయాను. పిల్లల్ని అడగండి. పాపం మావయ్య, ఫోన్ కూడా సరిగ్గా వాడటం రాదు. అన్నీ నేనే చేసిపెట్టేవాణ్ణి. ఇప్పుడెవరికి చేసిపెట్టను?"

కోచింగ్ పిల్లలు అవునన్నారు. ఎనిమిది దాటేదాకా సారు బోర్డు దగ్గరే ఉన్నారన్నారు.

గోవింద్‌ని నిజంగా ఇరికించింది మాత్రం చిన్నతల్లి మాట.

చిన్నతల్లి గోవింద్ మేనమామ కూతురు. శ్రీకూర్మం అవతల సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. కానిస్టేబుల్ పరీక్షకి చదువుతోంది. లెక్కలు వచ్చు. ఇంగ్లీషే రాదు. అందులోనూ ఏ మాట వెనక ఏ ప్రిపొజిషన్ రావాలో అసలే రాదు. అందుకే ఆదివారం ఆదివారం మాస్టారి దగ్గరకి వస్తుంది. ఆ పూట పాఠం ఆమె ఒక్కదానికే.

ఆయన పద్ధతి ఒకటే. మాట చెప్పి ఆగుతారు. వెనక వచ్చే చిన్న మాట పిల్లలు చెప్పాలి. డిపెండ్ అంటే ఆన్. అఫ్రెయిడ్ అంటే ఆఫ్. గుడ్ అంటే ఎట్. ఎందుకని అడిగితే నవ్వేవారు. "ఏ పడవకి ఏ తెడ్డో మీ నాన్ననడుగు. ఎందుకంటే ఆయనా చెప్పలేడు. చేతికి అలవాటు కావాలి, అంతే."

ఇంకో నియమం ఉంది. ఎవరొచ్చినా రాకపోయినా ఏడింటికి పాఠం మొదలైపోతుంది. ఆలస్యంగా వస్తే తలుపు తట్టకూడదు. బయట మెట్టు మీదే కూర్చుని, లోపలికి వినపడేలా జవాబు చెప్పాలి.

ఆ ఆదివారం చేపల బేరం తెమలక చిన్నతల్లికి ఆలస్యమైంది. గోవింద్ ఆటోలోనే వచ్చింది. పై మెట్టు మీద కూర్చుంది. లోపల మాస్టారు గొంతు. బయట ఆమె జవాబు. ఎనిమిదింటికి పాఠం అయిపోయింది. ఆమె దిగింది. గోవింద్ ఎక్కాడు.

అంటే ఎనిమిదింటి దాకా మాస్టారు బతికే ఉన్నారు. ఆ తర్వాత గదిలోకి వెళ్లింది గోవింద్ ఒక్కడే.

స్టేషన్ వరండాలో గోవింద్ తల్లి కూర్మమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుంది.

"ఒసే, ఏటీ ఇనలేదని సెప్పీయే! నీ బావ ఉరికంబం ఎక్కుతాడే!"

"ఇన్నానత్తా. ఇన్నదాన్ని ఇనలేదని ఎలగ సెప్తాను?"

"పోలీసవ్వకముందే పోలీసు బుద్దులొచ్చేసినాయే నీకు!"

చిన్నతల్లి గౌరి ముందుకొచ్చి నిలబడింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"నాను అబద్దమాడితే బావ బతుకుతాడా మేడమ్?"

"ఇప్పుడు మాట మార్చినా లాభం లేదమ్మా. స్టేట్‌మెంట్ రాసేశారు."

"అయితే నానేటి సెయ్యాలి?"

పోస్ట్‌మార్టం రిపోర్టు కూడా గోవింద్‌ని గట్టెక్కించలేదు. మరణం ఆ ఉదయమే జరిగిందని రాశారు. నిమిషాలు తేల్చడం కుదరదన్నారు.

మర్నాడు గౌరి చిన్నతల్లిని మళ్లీ ఆ మెట్ల దగ్గరకి తీసుకెళ్లింది.

"ఎక్కడ కూర్చున్నావో అక్కడే కూర్చో. గుర్తున్నంత వరకు చెప్పు. ఏదీ వదలకు."

చిన్నతల్లి చెప్పింది. ఒక్కో మాటా, ఒక్కో జవాబూ. మధ్యలో ఆగింది. తల దించుకుంది.

"ఏమైంది?"

"ప్రిఫర్ అన్నారు మేడమ్. నాను దేన్ అన్నాను. టూ అని ఇంటికెళ్తుంటే గుర్తొచ్చింది."

"మాస్టారేమన్నారు?"

"ఏటీ అన్లేదు. తరవాతి మాటకి ఎల్లిపోయారు."

గౌరి వంగి ఆమె ముఖంలోకి చూసింది.

"అలా ఎప్పుడైనా జరిగిందా?"

"ఎప్పుడూ లేదు. తప్పు సెప్తే కదిలేవోరు కాదు మేడమ్. ఓపాలి ఒక్కమాట కాడే పొద్దెక్కిపోయింది. బావ కింద ఆరన్ కొడతన్నా ఒగ్గలేదు."

"మరి ఈ సంగతి నిన్న చెప్పలేదేం?"

"నా తప్పు కదా మేడమ్." చిన్నతల్లి గొంతు తగ్గింది. "దీనికింక రాదులే అని నన్నొగ్గీసారనుకున్నాను."

గౌరి లేచి నిలబడింది. నారాయణమూర్తికి ఫోన్ చేసింది.

"మాస్టారి సెల్‌ఫోన్ ఎక్కడ దొరికింది?"

"తలుపు పక్క కిటికీలో మేడమ్. చార్జింగ్‌లో ఉంది."

"తీసుకురా. అందర్నీ పిలువు."

సాయంత్రం మెట్ల మీద అందరూ ఉన్నారు. బేడీలతో గోవింద్. వాడి భుజం వదలని కూర్మమ్మ. గోడకి ఆనుకుని చిన్నతల్లి. చేతులు కట్టుకుని రమేష్‌బాబు. గౌరి ఒక్కతే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

చనిపోయిన మనిషి గొంతు మెట్ల మీదకి వచ్చింది.

"డిపెండ్..."

కూర్మమ్మ కెవ్వున అరిచింది.

చిన్నతల్లి పెదవులు వాటంతటవే కదిలాయి. ఆన్. ఆఫ్. ఎట్. ప్రిఫర్ దగ్గర ఆమె నోరు మూసుకుంది. గొంతు కాసేపు ఆగింది. తర్వాతి మాటకి వెళ్లిపోయింది.

గౌరి తలుపు తీసింది.

"రాలేని పిల్లల కోసం మాస్టారు పాఠం రికార్డ్ చేయించారు. ఆదివారం ఈ అమ్మాయి విన్నది ఇదే. జవాబు తప్పయినా ఫోన్‌కి తెలియదు. సమయం కాగానే ముందుకెళ్తుంది."

"మావయ్యే పెట్టుకుని వింటున్నారేమో," అన్నాడు రమేష్‌బాబు.

"ప్రాణంతో, తెలివితో ఉంటే తప్పు విని ఊరుకునేవారా? మీకే బాగా తెలుసు."

గౌరి ఫోన్ పైకెత్తి చూపించింది.

"అంటే ఈమె మెట్లెక్కకముందే దెబ్బ పడింది. అప్పుడు గోవింద్ ఎక్కడున్నాడు? చేపల బుట్టలతో, ఈమెతో ఆటోలో. మాస్టారు ఇంకా బతికే ఉన్నారని నమ్మించాల్సిన అవసరం గోవింద్‌కి లేదు. ఆ సమయానికి ఇంకోచోట కనపడాలనుకున్నవాడికి ఉంది. ఆదివారం ఈమె వస్తుందనీ, లోపల పాఠం మొదలైనట్టు వినపడితే బయటే కూర్చుంటుందనీ ఇంట్లోవాళ్లకి తెలుసు. ఫోన్ పనులన్నీ నేనే చేసిపెట్టేవాణ్ణని నాతో అన్నది ఎవరు?"

రమేష్‌బాబు మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

"పాఠం మానెయ్యమని కాళ్లు పట్టుకున్నాను మేడమ్. ఆయన ఊరికే చెప్తుంటే నా దగ్గరకి ఎవరొస్తారు? ఇప్పుడీ రికార్డింగు జిల్లా అంతా పంపమన్నాడు. నా చేతే చేయించి, నన్నే పంపమన్నాడు." చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "ఒక్క దెబ్బే."

నారాయణమూర్తి గోవింద్ బేడీలు తీసి రమేష్‌బాబుకి వేశాడు. కూర్మమ్మ కొడుకుని పట్టుకుని ఏడుస్తూ కిందికి తీసుకెళ్లింది. మేనకోడలి వైపు చూడలేదు.

చిన్నతల్లి కదల్లేదు.

"మేడమ్."

"చెప్పమ్మా."

"నాను ఇక్కడ కూసున్నప్పుడు మాస్టారు పోయుండారా?"

దెబ్బ తగిలిన తర్వాత చాలాసేపు ప్రాణం ఉందని రిపోర్టులో రాశారు. గౌరి ఆ వాక్యం అంతకుముందే రెండుసార్లు చదివింది.

"పోయారమ్మా. దెబ్బ తగిలిన వెంటనే."

"రిపోట్లో అలగే ఉన్నాదా?"

కింద ఆటో స్టార్టయింది. చిన్నతల్లి ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడింది.

"తలుపు గడియెయ్యలేదు మేడమ్," అంది. "బావ తోస్తే ఒచ్చేసింది కదా. నాను తోసినా ఒచ్చీది."

గౌరి చెయ్యి వెనక్కి పెట్టి తలుపు దగ్గరికి లాగింది.

చిన్నతల్లి ఇంకాసేపు చూసింది. తర్వాత గోడ పట్టుకుని ఒక్కతే మెట్లు దిగింది.